సాంకేతిక చిత్రాల్లో వ్యాఖ్యాచిహ్నాలు: మాట నుంచి గుర్తుకు, గుర్తు నుంచి అర్థానికి

వ్యాససంగ్రహం

ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో గీతలు వస్తువు ఆకారాన్ని చూపిస్తాయి. ఆ ఆకారాన్ని ఎంత కచ్చితంగా తయారుచేయాలో, ఎలా తనిఖీ చేయాలో చెప్పేవి గీతల పక్కన చేర్చే గుర్తులు. ఒకప్పుడు వాక్యాలుగా రాసిన సూచనలు ఇరవయ్యో శతాబ్దంలో గుర్తులుగా మారాయి. 1980ల తర్వాత ఆ గుర్తులు కాగితం నుంచి క్యాడ్ తెరపైకి చేరాయి. ఈ క్రమంలో గుర్తు రూపం నిలిచినా దాని అర్థం యంత్రానికి అందని దశ ఒకటి వచ్చింది. తెలుగు లిపి కంప్యూటర్‌లోకి ప్రవేశించినప్పుడూ ఇదే స్థితి ఎదురైంది. ఈ రెండు చరిత్రలను పక్కపక్కన పెట్టి, ప్రమాణమూ సంకేతసంఖ్యా తెలియకుండా గుర్తును భద్రపరచడం అసంపూర్ణమని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: సాంకేతిక చిత్రం, వ్యాఖ్యాచిహ్నం, టాలరెన్స్, క్యాడ్, ప్రమాణీకరణ, యూనికోడ్, తెలుగు ఫాంట్లు.

1. ఉపోద్ఘాతం

పద్యానికి గణవిభజన చేసేటప్పుడు అక్షరాల మీద గురులఘువుల గుర్తులు పెట్టడం తెలుగు తరగతి గదుల్లో నిత్యం జరిగే పని. ఆ గుర్తులు పద్యంలో భాగం కావు. పద్యపు నడకను చూపిస్తాయి. ఛందస్సు తెలిసినవారికి అవి ఒక్క చూపులో అర్థమవుతాయి. తెలియనివారికి అవి వట్టి గీతలు.

ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో కూడా ఇటువంటి రెండు పొరలు ఉంటాయి. మొదటిది ఆకారాన్ని చూపే గీతల పొర. రెండోది కొలతలు, టాలరెన్స్‌లు, ఉపరితలపు నునుపు, వెల్డింగ్ వివరాలు తెలిపే గుర్తుల పొర. ఈ రెండో పొరలోని గుర్తులనే ఇక్కడ వ్యాఖ్యాచిహ్నాలు అని వ్యవహరించడమైంది. అయితే ఛందస్సు గుర్తులకూ వీటికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. గణవిభజన తప్పినా పద్యం చెడదు. వ్యాఖ్యాచిహ్నాన్ని తప్పుగా చదివితే మాత్రం తయారైన భాగం పనికిరాకుండా పోవచ్చు. లేదా బలం తక్కువైన భాగం పనిలోకి దిగవచ్చు.

2. మాటల కాలం

ఆధునిక సాంకేతిక చిత్రానికి గణిత పునాది వేసినవాడు ఫ్రెంచి గణితవేత్త గాస్పార్ మోంజ్. మెజియేర్‌లోని సైనిక ఇంజనీరింగ్ పాఠశాలలో ఆయన రూపొందించిన వివరణాత్మక జ్యామితి కొంతకాలం సైనిక రహస్యంగా ఉండిపోయింది. 1795లో ఆయన దానిని బహిరంగంగా బోధించాడు. ఆ ఉపన్యాసాలు 1799లో గ్రంథంగా వెలువడ్డాయి. మూడు కొలతలు గల వస్తువును సమతలం మీద సందేహానికి తావులేకుండా చూపే పద్ధతి దీనితో ఏర్పడింది. కాని అది ఆకారానికి సంబంధించిన పద్ధతి మాత్రమే. వస్తువు తయారీలో ఎంత హెచ్చుతగ్గు ఉండవచ్చునో అది చెప్పదు.

పంతొమ్మిదో శతాబ్దంలో చాలాకాలం దానిని చెప్పవలసిన అవసరం కూడా అంతగా లేదు. గీసినవారు, తయారుచేసేవారు ఒకే కర్మాగారంలో ఉండేవారు. ఇరుసు బిగుతుగా ఉంటే ఫిట్టర్ ఆకురాయితో రాసి సరిచేసేవాడు. డ్రాయింగ్ చెప్పని విషయం పనివాడి చేతిలో ఉండేది.

ఈ ఏర్పాటును కదిలించిన అంశాల్లో నకలు తీసే సాంకేతికత ఒకటి. 1842లో జాన్ హెర్షెల్ కనుగొన్న సయనోటైప్ విధానమే తర్వాతి దశాబ్దాల్లో బ్లూప్రింట్‌గా కర్మాగారాలకు చేరింది. ఒక డ్రాయింగ్ నుంచి అనేక ప్రతులు తీసి దూరప్రాంతాలకు పంపడం సులభమైంది. గీసినవాడు అందుబాటులో లేనిచోట డ్రాయింగ్ చదవవలసివచ్చింది. చేతిలో ఉన్న జ్ఞానాన్ని కాగితం మీదికి ఎక్కించక తప్పలేదు.

మొదట అది మాటల రూపంలోనే ఎక్కింది. ఏ ముఖాన్ని చిత్రిక పట్టాలో, ఏ రంధ్రాన్ని డ్రిల్లు చేసి ఆపైన రీమర్‌తో సవరించాలో, ఏది వదులుగా తిరగాలో గీతల పక్కన రాసేవారు. మాటకు ఉన్న ఇబ్బంది మాటదే. తెలుగులో ‘వ్యాసం’ అంటే వృత్తపు అడ్డుకొలత కావచ్చు, రచన కావచ్చు, పురాణాల్లో పేరున్న ఋషిని కూడా తలపించవచ్చు. సందర్భం అర్థాన్ని నిర్ణయిస్తుంది. వృత్తాన్ని ఏటవాలు గీత ఖండించే ⌀ గుర్తుకు డ్రాయింగ్‌లో ఆ అవస్థ లేదు. కొలతకు ముందు అది నిలిస్తే ఆ అంకె వృత్తపు అడ్డుకొలతేనని చదివేవారి మాతృభాషతో నిమిత్తం లేకుండా తెలుస్తుంది.

ఉపరితల గుర్తుల చరిత్ర ఈ పరిణామాన్ని చక్కగా చూపిస్తుంది. అమెరికా డ్రాయింగుల్లో యంత్రంతో నునుపు చేయవలసిన ముఖం మీద ఆంగ్లంలోని ‘ఎఫ్’ అక్షరాన్ని వాలుగా రాసేవారు. అది ‘ఫినిష్’ అనే మాటకు పొడి అక్షరం. జర్మన్ పద్ధతిలో తలకిందుల త్రిభుజాలు వాడేవారు. త్రిభుజాల సంఖ్య పెరిగేకొద్దీ నునుపు పెరగాలని అర్థం. మాట అక్షరమైంది, అక్షరం ఆకృతి అయింది. అయితే మూడు త్రిభుజాలు అంటే ఎంత నునుపు అన్న ప్రశ్నకు త్రిభుజమే జవాబు చెప్పలేదు. అందువల్ల తర్వాతి దశలో టిక్కు గుర్తును పోలిన చిహ్నమూ, దానితోపాటు మైక్రోమీటర్లలో కొలిచిన గరుకుదనపు విలువా వచ్చాయి. ఐఎస్ఓ 1302 ప్రమాణం ఈ పద్ధతిని స్థిరపరచింది. 2021లో ఐఎస్ఓ 21920 దాని స్థానంలోకి వచ్చింది.

3. చదరం నుంచి వృత్తానికి

గుర్తుల చరిత్రలో ప్రధానమైన మలుపు స్కాట్లండ్‌లోని అలెగ్జాండ్రియా పట్టణంలో, రాయల్ టార్పెడో ఫ్యాక్టరీలో పనిచేసిన స్టాన్లీ పార్కర్ ఆలోచనతో వచ్చింది. నౌకాదళానికి అవసరమైన ఆయుధాలను కొత్త కాంట్రాక్టర్ల చేత చేయించవలసిన యుద్ధకాలం అది. 1940లో ఆయన భారీ ఉత్పత్తిలో రూపకల్పన, తనిఖీల గురించి ప్రచురించిన రచన ‘సరైన స్థానం’ అనే భావనకు ఆధారమైంది.

ఆ భావనను ఒక చిన్న లెక్కతో వివరించవచ్చు. పలకలో ఒక రంధ్రం వేయాలి. దాని కేంద్రం అడ్డంగా 0.1 మి.మీ., నిలువుగా 0.1 మి.మీ. అటూఇటూ ఉండవచ్చునని పాత పద్ధతిలో రాస్తే, కేంద్రానికి అనుమతించిన ప్రదేశం 0.2 మి.మీ. భుజం గల చదరం అవుతుంది. చదరపు మూలలో పడిన కేంద్రం సరైన స్థానం నుంచి సుమారు 0.141 మి.మీ. దూరంలో ఉన్నా ఆ భాగం అంగీకార్యమే. కాని నేరుగా పక్కకు 0.12 మి.మీ. జరిగిన కేంద్రం తిరస్కృతమవుతుంది. ఎక్కువ దూరం జరిగినది నెగ్గి, తక్కువ దూరం జరిగినది ఓడిపోవడంలో తర్కం లేదు. బోల్టు గుండ్రనిది, అది అన్ని దిక్కులనూ ఒకేలా చూస్తుంది. కాబట్టి అనుమతి కూడా గుండ్రంగా ఉండాలి. ఆ చదరాన్ని చుట్టిన వృత్తం వైశాల్యం చదరంకంటే సుమారు 57 శాతం ఎక్కువ. పనికివచ్చే భాగాలు అకారణంగా చెత్తబుట్టలో పడకుండా కాపాడేది ఈ తేడాయే.

ఇటువంటి భావనను ప్రతి రంధ్రం పక్కనా వాక్యంగా రాయడం సాధ్యం కాదు. అందుకే గళ్లుగా విభజించిన దీర్ఘచతురస్రపు పెట్టె రూపొందింది. మొదటి గడిలో లక్షణాన్ని తెలిపే గుర్తు, రెండో గడిలో అనుమతించిన విలువ, తర్వాతి గళ్లలో ఆధారతలాల అక్షరాలు ఉంటాయి. తెలుగు వ్యాకరణ పరిభాషలో ఈ పెట్టెను ఒక సమాసంగా భావించవచ్చు. స్థానచిహ్నం, దాని పక్కన ⌀ 0.2, ఆపైన ఎ, బి, సి అక్షరాలు ఉన్న పెట్టెకు విగ్రహవాక్యం ఇలా ఉంటుంది: ‘ఎ, బి, సి అనే ఆధారాలను ఆ వరుసలోనే గ్రహించి నిర్ణయించిన సరైన స్థానం చుట్టూ 0.2 మి.మీ. అడ్డుకొలత గల స్తూపాకార పరిధిని ఈ రంధ్రపు అక్షం దాటకూడదు.’ సమాసంలో పదాల వరుస మారితే అర్థం మారినట్లే, ఈ పెట్టెలో ఆధారాల వరుస మారితే తనిఖీ పద్ధతి మారిపోతుంది.

4. ఒకే గుర్తు, వేర్వేరు వ్యాకరణాలు

గుర్తులను అందరూ ఒకేలా చదవాలంటే ప్రమాణం కావాలి. బ్రిటన్‌లో ఇంజనీరింగ్ డ్రాయింగ్ ప్రమాణం బీఎస్ 308 మొదట 1927లో వచ్చింది. అమెరికా సైనిక ప్రమాణం మిల్ స్టాండర్డ్ 8 1949లోనూ, పౌర రంగంలో వై 14.5 ప్రమాణం 1957లోనూ వెలువడ్డాయి. వై 14.5కు 1966, 1973, 1982, 1994, 2009, 2018 సంవత్సరాల్లో కొత్త కూర్పులు వచ్చాయి. అంతర్జాతీయ స్థాయిలో ఐఎస్ఓ 1101 మొదట 1969లో సిఫారసుగా, 1983లో ప్రమాణంగా వచ్చింది.

ఈ రెండు సంప్రదాయాల గుర్తులు చాలావరకు ఒకటే; వాటి వెనుక ఉన్న సూత్రాలు ఒకటి కావు. అమెరికా ప్రమాణంలో పరిమాణానికి ఇచ్చిన హద్దు సాధారణంగా ఆకారానికి కూడా వర్తిస్తుంది. ఒక కడ్డీ గరిష్ఠ పరిమాణంలో ఉంటే అది నిటారుగా కూడా ఉండాలి. ఐఎస్ఓ 8015 ప్రకారం ఏ నిబంధన దానికదే స్వతంత్రం. అక్కడ ఆకారాన్ని కూడా నియంత్రించాలంటే వలయంలో ‘ఇ’ అక్షరాన్ని ప్రత్యేకంగా చేర్చాలి. ఒకే కొలతను ఒకచోట చదివినవారు వంగిన కడ్డీని తిరస్కరిస్తారు, మరొకచోట చదివినవారు అంగీకరిస్తారు. ఇద్దరూ తప్పు చేయలేదు.

వెల్డింగ్ గుర్తుల్లో ఈ భేదం మరింత ప్రమాదకరం. మూలలో వేసే ఫిల్లెట్ వెల్డు అడ్డుకోత త్రిభుజాకారంలో ఉంటుంది. దాని పరిమాణాన్ని త్రిభుజపు భుజంతో చెప్పవచ్చు, లేదా మూల నుంచి వాలుముఖం దాకా ఉన్న లంబదూరంతో చెప్పవచ్చు. ఐఎస్ఓ పద్ధతిలో లంబదూరానికి ‘ఎ’, భుజానికి ‘జెడ్’ అనే అక్షరాలు ముందు చేరుతాయి. అమెరికా పద్ధతిలో అక్షరం లేకుండా భుజం కొలతనే రాస్తారు. లంబదూరం 6 మి.మీ. ఉండాలన్న వెల్డుకు భుజం సుమారు 8.5 మి.మీ. రావాలి. అక్షరాన్ని విస్మరించి ఆ 6ను భుజంగా చదివితే లంబదూరం 4.2 మి.మీ. మాత్రమే వస్తుంది. బరువు మోసే మందంలో దాదాపు 30 శాతం తగ్గిపోతుంది.

గుర్తును సూచనరేఖకు ఏ వైపున ఉంచారన్నది కూడా ఇటువంటి సమస్యే. అమెరికా పద్ధతిలో రేఖకు కింద ఉన్న గుర్తు బాణం చూపిన వైపు వెల్డును, పైన ఉన్నది అవతలి వైపు వెల్డును సూచిస్తుంది. మరో పద్ధతిలో అఖండరేఖ మీది గుర్తు బాణం వైపుకు, దానికి తోడుగా గీసిన తునకగీత మీది గుర్తు అవతలి వైపుకు చెందుతుంది. 2013 నాటి ఐఎస్ఓ 2553 ఈ రెండింటిలో ఒకదానిని తొలగించలేదు. ఎ, బి అనే రెండు పద్ధతులుగా ఒకే ప్రమాణంలో పక్కపక్కన నిలిపింది. ఒక గ్రంథంలో రెండు మాండలికాలకు చోటివ్వడమన్నమాట. ఏ మాండలికంలో రాశారో డ్రాయింగ్ మీద చెప్పకపోతే గుర్తు సగమే మాట్లాడుతుంది.

5. భారతదేశ సందర్భం

1947లో ఏర్పడిన భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 696 ద్వారా డ్రాయింగ్ పద్ధతులను క్రమబద్ధం చేసింది. 1987లో దాని స్థానంలోకి వచ్చిన భారతీయ ప్రమాణాల బ్యూరో 1988లో పాఠశాలలు, కళాశాలల కోసం ఎస్‌పీ 46 అనే సంకలనాన్ని వెలువరించింది. ఇందులో సూచించిన మొదటి కోణ ప్రక్షేపణం అమెరికాలో వాడే మూడో కోణ ప్రక్షేపణానికి భిన్నమైనది. రెంటిలోనూ దృశ్యాలు ఒకటే. వాటిని కాగితం మీద ఉంచే చోటు వేరు. ఏది అనుసరించారో తెలిపేది శీర్షికల గడిలో వేసే చిన్న గుర్తు. కోసిన శంకువు రెండు దృశ్యాలు ఏ వరుసలో ఉన్నాయో చూసి మొత్తం డ్రాయింగ్‌ను చదవాలి.

తెలుగునాట ఈ గుర్తుల బోధన ప్రధానంగా ఆంగ్ల గ్రంథాల ద్వారా సాగింది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాలకు చెందిన కె.ఎల్. నారాయణ, పి. కన్నయ్య, కె. వెంకటరెడ్డి రచించిన ‘మెషీన్ డ్రాయింగ్’ అటువంటి పాఠ్యగ్రంథం. 1991లో హైదరాబాదులో మొదలై, తర్వాత సైయెంట్‌గా పేరు మార్చుకున్న ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ వంటి సంస్థలు ఇంజనీరింగ్ సేవలను ఇక్కడి నుంచి విదేశాలకు అందించాయి. మొదటి కోణంలో చదువుకొని మూడో కోణంలో పనిచేయవలసిన పరిస్థితి ఇటువంటి రంగంలో సహజం. ఇక్కడ గుర్తు పెట్టడం యాంత్రికమైన పని కాదు. ఒక ప్రమాణం నుంచి మరో ప్రమాణానికి చేసే అనువాదం.

6. తెర మీది గుర్తు: రూపం ఒకటి, సంకేతం మరొకటి

1963లో ఇవాన్ సదర్లండ్ మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో రూపొందించిన స్కెచ్‌ప్యాడ్ కంప్యూటర్ తెరపై నేరుగా గీయడం సాధ్యమని చూపింది. 1982లో విడుదలైన ఆటోక్యాడ్ ఆ సౌకర్యాన్ని వ్యక్తిగత కంప్యూటర్లకు తెచ్చింది. గీతలు తెరమీదికి సులభంగానే చేరాయి. ఇబ్బంది గుర్తులతో వచ్చింది. కీబోర్డు మీద ⌀ లేదు, డిగ్రీ గుర్తు లేదు. అందువల్ల ఆటోక్యాడ్‌లో వరుసగా రెండు శాతం గుర్తులు కొట్టి ‘సి’ చేరిస్తే ⌀, ‘డి’ చేరిస్తే డిగ్రీ, ‘పి’ చేరిస్తే అధికన్యూన గుర్తు వచ్చే ఏర్పాటు చేశారు.

టాలరెన్స్ పెట్టెలోని గుర్తుల కోసం మరో ఉపాయం అవసరమైంది. 1994లో వచ్చిన 13వ విడుదలలో ఈ పెట్టెను నేరుగా చేర్చే ఆదేశం లభించింది. దాని గుర్తులు జీడీటీ అనే షేప్ ఫాంటులో ఉంటాయి. షేప్ ఫాంటు అంటే అక్షరాన్ని చిన్నచిన్న గీతలుగా వర్ణించే ఫాంటు. ఇందులో స్థానచిహ్నం ఆంగ్ల ‘జె’ అక్షరం స్థానంలోనూ, ⌀ ‘ఎన్’ అక్షరం స్థానంలోనూ ఉన్నాయి. తెరమీద కనిపించేది స్థానచిహ్నం. ఫైలులో ఉన్నది ‘జె’. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలును తెరిచి, దాని బదులు వేరే ఫాంటు వాడితే పెట్టెలో ‘జె’, ‘ఎన్’ అక్షరాలే దర్శనమిస్తాయి.

తెలుగు డీటీపీ తెలిసిన పరిశోధకులకు ఈ దృశ్యం కొత్త కాదు. అను ఫాంట్ల వంటి యూనికోడ్‌కు ముందునాటి ఫాంట్లలో కూర్చిన తెలుగు ఫైలు, ఆ ఫాంటు లేనిచోట అర్థంలేని రోమన్ అక్షరాల గుంపుగా కనిపిస్తుంది. కంటికి తెలుగు, కంప్యూటర్‌కు రోమన్. ముద్రణ వరకే పని అనుకున్నంతకాలం ఈ ఏర్పాటు సరిపోయింది. వెతకడానికి, అకారాదిక్రమంలో పెట్టడానికి, మరో చోటికి పంపడానికి పూనుకున్నప్పుడు లోపం బయటపడింది. డ్రాయింగ్ గుర్తులదీ అదే కథ. రెండు చోట్లా రూపాన్ని కాపాడుకోవడానికి అర్థాన్ని అరువు అక్షరంలో దాచారు.

పరిష్కారం కూడా ఒకే దారిలో వచ్చింది. భారతీయ ప్రమాణాల బ్యూరో 1991లో ఐఎస్ 13194గా ఇస్కీని ప్రకటించి భారతీయ లిపులకు సంకేతసంఖ్యలు ఇచ్చింది. అదే ఏడాది వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులో తెలుగుకు చోటు దక్కింది. తెలుగు లిపికి 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు స్థానాలున్నట్లే, వివిధ సాంకేతిక చిహ్నాల విభాగంలో ⌀కు 2300, స్థానచిహ్నానికి 2316 అనే సంఖ్యలు ఉన్నాయి. గుర్తుకు ఫాంటుతో సంబంధం లేని స్వంత ఉనికి దీనితో ఏర్పడింది.

7. బొమ్మ నుంచి సమాచారానికి

సంకేతసంఖ్య లభించడంతో సమస్య పూర్తిగా తీరలేదు. గుర్తు ఏమిటో యంత్రానికి తెలిసింది. అది దేని గురించి చెబుతున్నదో తెలియలేదు. బాణపు మొన రంధ్రాన్ని తాకుతున్నట్లు మనిషి కన్ను చూస్తుంది. ఫైలులో బాణమూ రంధ్రమూ పరస్పర సంబంధం లేని రెండు గీతల సముదాయాలుగా ఉండవచ్చు. క్యాడ్‌లో ఒక కొలత అంకెను చెరిపి మరో అంకెను చేత్తో రాసే వీలు కూడా ఉంది. అప్పుడు గీత 50 మి.మీ. పొడవున్నా పక్కన 52 అని ఉంటుంది. గీత మార్చితే అంకె మారదు. మూలానికీ వ్యాఖ్యకూ మధ్య తెగిన ఈ బంధం కాగితం మీదికి వచ్చాక కంటికి కనబడదు.

ఈ బంధాన్ని తిరిగి కలిపే ప్రయత్నమే త్రిమితీయ నమూనాకు నేరుగా వ్యాఖ్యలను జోడించే పద్ధతి. 2003లో వచ్చిన అమెరికా ప్రమాణం వై 14.41, 2006లో వచ్చిన ఐఎస్ఓ 16792 దీనికి నియమాలు ఏర్పరిచాయి. వేర్వేరు సాఫ్ట్‌వేర్ల మధ్య సమాచార మార్పిడికి ఉద్దేశించిన ఐఎస్ఓ 10303లో 2014 నాటి ఏపీ 242 భాగం ఒక ముఖ్యమైన భేదాన్ని గుర్తించింది. కంటికి కనిపించే వ్యాఖ్య ఒకటి, యంత్రం చదవగల వ్యాఖ్య మరొకటి. మొదటిదానిలో పెట్టె బొమ్మగా ఉంటుంది. రెండోదానిలో ఏ ఉపరితలానికి, ఏ ఆధారాలతో, ఎంత విలువ అన్నది సమాచారంగా ఉంటుంది. రెండోది ఉంటేనే తనిఖీ యంత్రం మనిషి సహాయం లేకుండా ఆ నియమాన్ని గ్రహించగలదు. సమాసంతోపాటు విగ్రహవాక్యాన్ని కూడా ఫైలులో దాచడం వంటిది ఇది.

అయితే బాధ్యత యంత్రానికి బదిలీ కాలేదు. ఆధారతలం ఏదో, హద్దు ఎంతో, ఏ ప్రమాణం వర్తిస్తుందో నిర్ణయించేది ఇప్పటికీ గుర్తును చేర్చే వ్యక్తే. 2018 నాటి వై 14.5 కూర్పు ఏకకేంద్రత, సౌష్ఠవం అనే రెండు చిహ్నాలను తొలగించింది. పాత డ్రాయింగుల్లో అవి ఇంకా ఉన్నాయి. ఐఎస్ఓలో వాటి వాడుక కొనసాగుతున్నది. ప్రమాణం పేరుతోపాటు దాని సంవత్సరం కూడా తెలిస్తేనే అటువంటి డ్రాయింగ్‌ను సరిగా చదవగలం.

8. ముగింపు

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి:

1. వ్యాఖ్యాచిహ్నం అలంకారం కాదు, సంక్షేపించిన వాక్యం. గీసినవారికీ తయారుచేసేవారికీ మధ్య దూరం పెరగడం దాని పుట్టుకకు ప్రధాన కారణం.

2. గుర్తు భాషాభేదాన్ని దాటగలిగినా ప్రమాణభేదాన్ని దాటలేదు. ఫిల్లెట్ వెల్డు ఉదాహరణలో ఒక్క అక్షరం విస్మరణ బలంలో గణనీయమైన నష్టానికి దారితీస్తుంది.

3. క్యాడ్ తొలిదశలో గుర్తు రూపం నిలిచి, దాని ఉనికి అరువు అక్షరాల్లో మరుగుపడింది. యూనికోడ్‌కు ముందు తెలుగు లిపి కంప్యూటర్‌లో అనుభవించిన స్థితికి ఇది సమాంతరం.

4. పాత డ్రాయింగులను గాని, పాత ఫాంట్లలో ఉన్న తెలుగు గ్రంథాల ఫైళ్లను గాని భద్రపరిచేటప్పుడు పుట బొమ్మను దాచడం చాలదు. డ్రాయింగ్‌కు వర్తించిన ప్రమాణం, దాని సంవత్సరం నమోదు కావాలి. ఫైలుకు వాడిన ఫాంటు పేరు, దాని అక్షరస్థానాల పట్టిక నమోదు కావాలి.

నాలుగో అంశం ఇంజనీర్లకు ఎంత అవసరమో, గ్రంథాలయాలకూ విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలకూ అంతే అవసరం. సిద్ధాంతగ్రంథాలు ఎన్నో ఇప్పటికీ పాత ఫాంట్లలోనే ఉన్నాయి. వాటిని చదవగల ఫాంట్లు, వాటి అమరిక తెలిసిన మనుషులు ఉన్నప్పుడే ఆ పట్టికలు తయారుకావాలి.